రెండు సంక్రాంతుల రథం ముగ్గు: ఒక ఎంబ్రాయిడరీ డైరీ

డిసెంబర్ 16, మంగళవారం

నెల పట్టారు. పొద్దున్నే కింద గేటు ముందు వాచ్‌మన్ భార్య పెద్ద ముగ్గు వేసింది. పాలు తీసుకుని పైకొస్తూ దాన్ని చూశాక మనసు ఆగలేదు. బీరువా అడుగు అరలో ఏడాదిగా పడి ఉన్న సంచీ బయటికి లాగాను. మెరూన్ రంగు మంగళగిరి కాటన్ జాకెట్ ముక్క, దాని మీద తెల్ల దారంతో సగం రథం. జెండా ఉంది, శిఖరం ఉంది, చక్రాల్లేవు.

మేముండేది హైదరాబాద్‌లో, మూడో అంతస్తు. గుమ్మం ముందు టైల్స్ నడవా. అక్కడ ముగ్గేస్తే మధ్యాహ్నానికల్లా తడిగుడ్డ వచ్చి తుడిచేస్తుంది. అందుకే పోయిన సంక్రాంతికి, తలుపు పక్క గోడకి తగిలించేలా గుడ్డ మీద రథం ముగ్గు కుడదామనుకున్నాను. క్రాస్ స్టిచ్‌లో, అంటే గడికో ఇంటూ మార్కు పడే కుట్టులో, కానీ మెషిన్ మీద. బ్లౌజుల కోసం కొన్న ఇంటి ఎంబ్రాయిడరీ మెషిన్ ఉంది, గుడ్డ బిగించే దాని పెద్ద ఫ్రేమ్ 130×180 మిల్లీమీటర్లు.

చేత్తో కుట్టుకోవచ్చు కదా అని మా ఆయన అప్పుడే అన్నాడు. స్కూల్లో క్రాఫ్ట్ పీరియడ్‌లో మ్యాటీ గుడ్డ మీద, ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు విడదీసి చిలకలు కుట్టినదాన్నే. కానీ ఈ రథంలో 4,200 ఇంటూ మార్కులున్నాయి. నిమిషానికి మూడు కుట్టగలిగితే గొప్ప. అంటే ఇరవై మూడు గంటలకి పైనే, టీ కూడా తాగకుండా. మెషిన్ అయితే గంటలో తేలుస్తుందని లెక్కేశాను. ఆ లెక్క ఎంత అమాయకమైనదో ఈ డైరీయే చెబుతుంది.

పోయినేడు ఎక్కడ చెడిందంటే, రథం ఫ్రేములో ఒకేసారి పట్టదు. సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగ్గా మధ్యకి రెండు ముక్కలు చేసి ఇచ్చింది. పై సగం కుట్టాను. గుడ్డ తీసి, జరిపి, మళ్లీ ఫ్రేములో బిగించి కింది సగం మొదలుపెడితే ఒక మిల్లీమీటరున్నర పక్కకి జరిగింది. మామూలు పువ్వుల డిజైన్‌లో అయితే ఎవరికీ కనిపించదు. క్రాస్ స్టిచ్‌లో ఒక్కో గడి 2 మిల్లీమీటర్లే, కాబట్టి ముప్పావు గడి తప్పినట్టు. రథం నడుం విరిగినట్టుంది. నలభై ఇంటూలు పడ్డాక ఆపి, విప్పి, మడిచి లోపల పెట్టేశాను. ఆ రాత్రే భోగి మంట, అందులో వేసేద్దామన్నంత కోపం వచ్చిన మాట నిజం.

డిసెంబర్ 18

గుడ్డ పరీక్ష. విప్పిన చోట సూది చిల్లులు చుక్కల్లా అలాగే ఉన్నాయి. చేనేత నేత కాబట్టి ఆవిరి పట్టి గోరుతో రుద్దితే పోగులు మళ్లీ దగ్గరవుతాయి. కానీ ముందు అదే గుడ్డ అంచులో కత్తిరించిన పీలిక తీసుకుని, దాని మీద తెల్ల దారంతో నాలుగు కుట్లు వేసి, ఆవిరి ఇస్త్రీ పట్టాను. తెల్ల దారం లేత గులాబీ అయింది.

చెమట పట్టింది. పోయినేడు కుట్టేముందు దీన్ని ఒక్కసారే ఉతికాను. మెరూన్, ముదురు నీలం లాంటి రంగుల్ని మూడు నాలుగుసార్లు, తెల్ల గుడ్డతో రుద్దినా మరక రానంత దాకా ఉతికాకే తెల్ల దారం ముట్టించాలి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని అంటారు గానీ, నాకైతే ఉతకడం మీదే నమ్మకం. ఇప్పుడు సగం రథం కుట్టేశాక ఉతికే దారి లేదు. కాబట్టి ఈ ప్రాజెక్టులో నీళ్లు నిషేధం. నీళ్లకి పోయే పెన్ను వద్దు, నీళ్లలో కరిగే స్టెబిలైజర్ (గుడ్డ కదలకుండా కుట్టుకి ఆసరాగా వేసే పొర) వద్దు, ఆవిరి వద్దు. గుర్తులకి టైలర్ సుద్ద, ఇస్త్రీ పొడిగానే.

చిల్లుల్ని పొడి ఇస్త్రీ, గోరు సాయంతో ముప్పావు వంతు మూయగలిగాను.

డిసెంబర్ 21, ఆదివారం

రెండు రోజులుగా కంప్యూటర్ ముందే. కింది సగం గళ్ల చార్టు మళ్లీ గీశాను.

ముగ్గుకీ క్రాస్ స్టిచ్‌కీ చుట్టరికం ఉందని అందరికీ అనిపిస్తుంది, చుక్కలూ గళ్లే కదా అని. సగమే నిజం. ఎదురు చుక్కల ముగ్గయితే చుక్క కింద చుక్క వస్తుంది, గళ్ల కాగితం మీద హాయిగా కూర్చుంటుంది. సందు చుక్కల ముగ్గులో రెండు చుక్కల మధ్య సందులో కింది చుక్క పడుతుంది. ఆ గీతలు నిటారుకి దగ్గరగా ఏటవాలుగా వెళతాయి. గళ్లలోకి తెస్తే ఒకసారి రెండు గళ్లు, ఒకసారి ఒక గడి చొప్పున మెట్లు మెట్లుగా, పళ్లూడిన దువ్వెనలా తయారవుతుంది. క్రాస్ స్టిచ్‌లో శుభ్రంగా వచ్చే ఏటవాలు గీత ఒక్కటే, ఒక గడి పక్కకి ఒక గడి కిందికి వెళ్లేది. మెలికల ముగ్గుల జోలికి అసలు పోకూడదు.

నాది 11 చుక్కలు, 11 వరుసలు, ఎదురు చుక్క. చుక్కకీ చుక్కకీ 7 గళ్లు పెట్టుకుంటే రథం ఒళ్లు 71 గళ్లొచ్చింది. అటూ ఇటూ చక్రాల కోసం చెరో 7. మొత్తం 85 గళ్ల వెడల్పు, పైన శిఖరంతో, కింద చక్రాలతో కలిపి 110 గళ్ల ఎత్తు. వెడల్పు బేసి సంఖ్య కావాలి, లేకపోతే శిఖరం కొనకి మధ్య గడి దొరకదు. ఇది నేను మొదటిసారి 84 గీసుకుని తెలుసుకున్న సంగతి.

గుడ్డలో 170 మిల్లీమీటర్ల వెడల్పు, 220 ఎత్తు. ఫ్రేముని అడ్డంగా తిప్పి వాడితే సగం సగం చొప్పున రెండుసార్లలో పడుతుంది.

ఇక అసలు మార్పు. సాఫ్ట్‌వేర్ కోసిన గీత రథం గోడల్లోంచి పోయింది, అక్కడ పై గడి, కింది గడి తెల్లగా ఆనుకుని ఉంటాయి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బయటపడుతుంది. ఈసారి ఆ చోట ఒక వరుస మొత్తం ఖాళీగా వదిలేశాను, దాని కింద బంతిపువ్వు రంగులో రెండు వరుసల పట్టీ పెట్టాను. రథానికి నడికట్టు కట్టినట్టుంటుంది. ఖాళీ వరుస ఉంది కాబట్టి అర మిల్లీమీటరు తేడా వచ్చినా కన్ను పట్టదు. పైగా పాత చిల్లులు చాలావరకు ఆ పట్టీ కిందకి పోతాయి. అతుకుని దాచడం కంటే, అతుకు వేయాల్సిన చోట డిజైన్‌నే మార్చుకోవడం మేలని పోయినేడు ఎందుకు తట్టలేదో.

సాయంత్రం అత్తయ్యకి వీడియో కాల్‌లో చార్టు చూపించాను. ఆవిడ భీమవరం దగ్గర పల్లెలో ఉంటుంది, ఇప్పటికీ రోజూ వాకిలంతా ముగ్గేస్తుంది. కళ్లజోడు సవరించుకుని కాసేపు చూసింది.

"బావుందమ్మాయ్. మరి తాడేదీ?"

"చోటు సరిపోదని వదిలేశానత్తయ్యా."

"తాడు లేని రథం ఎటెళ్తుందే? వాకిట్లోనే కూలబడతాది."

నిజమే. మా వైపు కనుమ నాడు వేసే రథం ముగ్గుకి తాడు గీత వీధిలోకి లాగుతారు, పక్కింటి వాళ్లు తమ రథం గీత తెచ్చి దానికి కలుపుతారు. అలా వీధి వీధంతా ఒకే తాడు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గానీ, రథాలన్నీ ఊరేగింపు వెళ్తాయి. తాడు లేకపోతే అది రథం కాదు, గుడి బొమ్మ.

అంటే మూడోసారి ఫ్రేములో బిగించాలి. మళ్లీ టెన్షన్.

డిసెంబర్ 28, ఆదివారం

వారం మధ్యలో రెండు బ్లౌజుల ఆర్డర్లు. పండగ నెల కదా. ఇవాళ ట్రయల్ ముక్కలు.

మ్యాటీ గుడ్డ మీదే మెషిన్‌తో కుట్టొచ్చు కదా అని నన్ను చాలామంది అడిగారు. కుట్టకూడదు. ఆ గుడ్డలో ముందే చిల్లులుంటాయి. మెషిన్ సూది తన లెక్క ప్రకారం దిగుతుంది తప్ప ఆ చిల్లులు వెతుక్కోదు. అంగుళానికి 14 గళ్ల మ్యాటీలో గడి సుమారు 1.8 మిల్లీమీటర్లు. డిజైన్ సరిగ్గా అంతే పెట్టినా పది గళ్లు దాటేసరికి ఎక్కడో పక్కకి పోతుంది. నేత దగ్గరగా ఉన్న సాదా గుడ్డే దీనికి మంచిది.

మొదటి ట్రయల్: 20×20 గళ్ల చదరం, వెనక కటవే (కుట్టాక మిగిలింది కత్తిరించేసే) స్టెబిలైజర్ ఒక పొర. 40 మిల్లీమీటర్లు రావాలి. స్కేలు పెడితే నిలువు 40, అడ్డం 39.5. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది, కానీ 85 గళ్లకి లెక్కేస్తే రెండు మిల్లీమీటర్లకి పైనే, అంటే ఒక గడి మాయం. కుట్లు గుడ్డని లోపలికి లాగుతున్నాయి. రెండో ట్రయల్‌కి కటవే రెండు పొరలు వేసి, గుడ్డ వెనక ఇస్త్రీకి అంటుకునే పల్చటి ఫ్యూజింగ్ అంటించాను. 40, 40. పోయినేడు పై సగం కొలిస్తే 169.5 ఉంది, ఫర్వాలేదు. అప్పుడు కూడా రెండు పొరలు వేసినట్టున్నాను. రాసి పెట్టుకోలేదు. అందుకే ఈసారి ఈ డైరీ.

ఫ్రేములో గుడ్డని డప్పులా బిగించమంటారు. పల్చటి చేనేతకి అది పనికిరాదు. బిగించాక అంచులు పట్టి లాగితే గుడ్డ సాగుతుంది, ఫ్రేములోంచి తీశాక వెనక్కి వస్తుంది, చదరాలు దీర్ఘచతురస్రాలవుతాయి. స్టెబిలైజర్ బిగుతుగా, గుడ్డ మాత్రం ముడతల్లేకుండా సమంగా ఉంటే చాలు.

ఇంకో రెండు విషయాలు. మెషిన్ దారం పల్చన, 40 నంబరు పాలియెస్టర్. ఇంటూలో ఒక్కో కాలు ఒకేసారి కుడితే కింది మెరూన్ తొంగి చూస్తుంది, రెండేసి సార్లు వెళ్లాలి. మూడేసి సార్లు పెట్టి చూశాను, నిండుగా వచ్చింది గానీ నాలుగు గళ్లు కలిసే మూలలో సూది అదే చిల్లులో పదే పదే దిగి గుడ్డని కొరికేసింది. రెండే ఖాయం. సూది కొత్తది, 75/11 సైజు.

రెండోది, పై కాళ్లన్నీ ఒకే దిక్కుకి వాలాలి. చేతి కుట్టులో టీచర్ దెబ్బలు కొట్టి నేర్పింది ఇదే. పాలియెస్టర్ దారానికి మెరుపుంది కాబట్టి, ఒక గడి అటు, ఒక గడి ఇటు వాలితే ఎండ పడినప్పుడు మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. చార్టులో చక్రాల దగ్గర నేను అద్దంలో బొమ్మలా తిప్పి అతికించిన చోట కాళ్లు కూడా తిరిగిపోయాయి. దొరికింది కాబట్టి సరిపోయింది.

బంతి రంగు దారంలో కింది బాబిన్ తెలుపు చుక్కలుగా పైకి వస్తోంది. పై దారం బిగువు (టెన్షన్) 4 నుంచి 3కి తగ్గించాను, ఆగింది.

జనవరి 1

అందరూ కేకు కోస్తుంటే నేను కాగితం కోశాను. కింది సగం డిజైన్‌ని అసలు కొలతలో ప్రింట్ తీసి, గుడ్డ మీద పరిచి, ఖాళీ వరుస ఒక గడి వదిలి మధ్య గీతలు కలిపి, నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చాను. ఆ గుచ్చిన చోట్ల సుద్ద గుర్తులు. ప్రింటర్ తనంతట తాను కాగితానికి సరిపోయేలా బొమ్మని కొంచెం చిన్నది చేసింది. స్కేలుతో కొలిచాను కాబట్టి తెలిసింది. రెండోసారి తీశాను.

జనవరి 4, ఆదివారం

ఇవాళే.

ఉదయం పదకొండుకి ఫ్రేము బిగించాను. పది నిమిషాల్లో అయ్యే పని, గంట పట్టింది. మూడుసార్లు విప్పాను. నాలుగోసారి మెషిన్‌లో పెట్టి, చక్రం చేత్తో తిప్పుతూ సూదిని ఎడమ మూల గుర్తు మీదికి దించాను, సరిపోయింది. కుడి మూలకి జరిపి దించితే అర మిల్లీమీటరుకి తక్కువగా పైకుంది. మెషిన్‌లో డిజైన్‌ని ఒక డిగ్రీ చొప్పున తిప్పే సౌకర్యం ఉంది. ఒక డిగ్రీ తిప్పితే 170 మిల్లీమీటర్ల దూరానికి మూడు మిల్లీమీటర్ల తేడా, ఇక్కడ పనికిరాదు. ఖాళీ వరుస కాచుకుంటుందిలే అని వదిలేశాను.

పెన్ డ్రైవ్ పెడితే తెరమీద రథం నీలం, ఊదా రంగుల్లో వచ్చింది. గుండె జారింది. డీఎస్‌టీ ఫైలుగా సేవ్ చేశాను, అందులో దారం రంగులు ఉండవు, కుట్ల స్థానాలే ఉంటాయి. కుట్టు చెడదు గానీ ఏ రంగు ఎప్పుడు మార్చాలో నాకు గందరగోళం. మా మెషిన్ చదివే పీఈఎస్‌గా మళ్లీ సేవ్ చేసుకొచ్చాను.

తెరమీద 10,870 కుట్లు అని చూపించింది. స్పీడు నిమిషానికి 400కి తగ్గించాను, లెక్కకి ఇరవై ఏడు నిమిషాలు. ముందు పట్టీ. మొదటి ఇంటూ పడింది, ఆపి భూతద్దం పెట్టి చూశాను. పై శిఖరం గోడ గడికి సూటిగా కిందే ఉంది. మళ్లీ నొక్కాను.

మా అమ్మాయి పక్కన కూర్చుని ఎన్ని శాతమయిందో ఫోన్లో స్కోరులా చెబుతూ ఉంది. అరవై దాటాక చప్పుడు మారింది. ఎంబ్రాయిడరీ మెషిన్ పెట్టుకున్న ప్రతివాళ్లకీ తెలిసే చప్పుడు అది, టకటకలోంచి దబ్ దబ్‌లోకి. వెంటనే ఆపాను. ఫ్రేము ఎత్తితే కింద దారం పిచ్చుక గూడులా చుట్టుకుంది. పై దారం రీలు అంచులోని గంటులో చిక్కుకుని, టెన్షన్ బిళ్లల్లోంచి జారిపోయింది. ఇలాంటప్పుడు ఫ్రేముని లాగకూడదు. చిన్న కత్తెరతో కింది నుంచి గూడుని పోగు పోగుగా కత్తిరించాను. ఒక చోట గుడ్డ దాకా కత్తెర మొన వెళ్లింది. ఆ క్షణంలో ఎవరూ మాట్లాడలేదు. ఒక పోగు తెగింది, అంతే, ఫ్యూజింగ్ పట్టుకుంది.

ముప్పై కుట్లు వెనక్కి జరిపి మళ్లీ మొదలెట్టాను. మధ్యాహ్నం రెండున్నరకి చక్రాలు పూర్తి. గళ్లలో చక్రం గుండ్రంగా రాదు, ఎనిమిది మూలలుగా వస్తుంది. చేయి చాచినంత దూరం నుంచి చూస్తే గుండ్రమే.

నడికట్టు కుడివైపు ఖాళీ వరుస ఎడమవైపు కంటే సన్నగా ఉంది. నాకు కనిపిస్తుంది. మా ఆయన్ని అడిగితే, ఎక్కడ అన్నాడు. చూపించాక, ఆఁ అవును అన్నాడు. చూపించకుండా ఉండాల్సింది.

జనవరి 8

తాడు. రాత్రి భోజనాలయ్యాక.

తిన్నగా కిందికి దించితే తాడు నేలలోకి వెళ్లినట్టుంటుంది. అత్తయ్య మాట ప్రకారం బయటికి వెళ్లాలి. రథం అడుగు మధ్య గడి నుంచి 15 గళ్లు కిందికి, అక్కడి నుంచి గడికి గడి ఏటవాలుగా కుడికి 65 గళ్లు, అంటే సరిగ్గా 13 సెంటీమీటర్లు. ఫ్రేము వెడల్పు అంతే. అందుకే మొత్తం గుడ్డ వెడల్పు 26 అని నిర్ణయించుకున్నాను, తాడు చివర సరిగ్గా కుడి అంచుని తాకేలా. మూడు గళ్ల మందం, తెలుపులో అక్కడక్కడా బంతి రంగు గడి, పురి తిరిగినట్టు. 240 ఇంటూలు. ఏ గొడవా లేకుండా అయిపోయింది. రాయడానికేమీ లేదు.

జనవరి 11, ఆదివారం

వెనకవైపు శుభ్రం. రంగు మారే చోట్ల దూకిన దారాలన్నీ కత్తిరించాను. కటవేని కుట్టు చుట్టూ ఒక సెంటీమీటరు వదిలి కోశాను, మరీ దగ్గరగా కోస్తే అంచు గళ్లు వదులవుతాయి. మందపాటి టర్కీ టవల్ మీద బోర్లా వేసి, వెనక నుంచి పొడి ఇస్త్రీ. ముందు నుంచి పెడితే ఇంటూలు అణగారి అప్పడంలా అవుతాయి.

పైన జాకెట్ ముక్కకున్న జరీ అంచునే మడిచి కర్ర దూరే గొట్టంలా కుట్టాను. కర్ర, పాత కర్టెన్ రాడ్ కోసినది. వెనక మందపాటి ఖాకీ కాటన్ అస్తరు. ఎత్తు 47 సెంటీమీటర్లు వచ్చింది.

లెక్క చూసుకుంటే మెషిన్ తిరిగింది మొత్తం గంటంబావు, పోయినేటి పై సగంతో కలిపి. నేను కూర్చున్నది ఇరవై మూడు గంటలు ఎప్పుడో దాటింది. మా ఆయనకి చెప్పలేదు.

అత్తయ్యకి ఫోటో పంపాను. "తాడు బాగా తిరిగిందమ్మాయ్. కుడి చక్రం పక్కన ఏదో గీరుకున్నట్టుందేంటి?" అంది. తెగిన ఆ ఒక్క పోగు. మూడు వందల పైచిలుకు కిలోమీటర్ల అవతల నుంచి, ఫోన్లో.

జనవరి 13, మంగళవారం

రేపు భోగి. ఇవాళ తలుపు పక్కన తగిలించి చూస్తుంటే ఎదురింటావిడ పిడకల దండతో లిఫ్టులోంచి దిగింది. కరీంనగర్ వాళ్లు. చేత్తో తడిమి చూసి, మెషిన్‌దంటే నమ్మలేదు, వెనక్కి తిప్పి చూసింది. "మరి ఈ తాడు ఇక్కడే ఆగిపాయె గదా అక్కా?" అని గుడ్డ అంచు పట్టుకుని అడిగింది. కనుమ నాడు రథాలు కలిపే సంగతి చెప్పాను. అయితే తన గుమ్మం ముందు రంగుల ముగ్గుతో ఒక రథం వేస్తానంది, నా తాడు అక్కడిదాకా రావాలట.

టేపు పెట్టి కొలిచాం. గుడ్డ అంచు నుంచి గోడ దిగి, నడవా దాటి, ఆవిడ గుమ్మానికి 2 మీటర్ల 60. పురి పెడితే తగ్గుతుంది కాబట్టి నాలుగు మీటర్ల పొడవున తెల్ల దారం పన్నెండు వరసలు, బంతి రంగు నాలుగు వరసలు తీశాను. ఒక చివర తలుపు గొళ్లేనికి కట్టి, రెండో చివర మా ఆయన డ్రిల్లింగ్ మెషిన్‌కి తగిలించి తిప్పుతున్నాడు. మరీ సన్నగా ఉంది, ఇంకో పన్నెండు వరసలు కావాలి. తెల్ల దారం రీలు అయిపోయింది. దుకాణం తొమ్మిదింటికి మూస్తారు, ఇప్పుడు ఎనిమిదీ నలభై.